కార్మికుల తరఫున మాట్లాడే హక్కు ఎవరిది?

సమష్టి బేరసారాల వివాదాలు - చట్టం, న్యాయస్థానాల తీర్పులు

ఒక కార్ఖానాలో వెయ్యిమంది పనిచేస్తున్నారనుకోండి. అందులో రెండు కార్మిక సంఘాలున్నాయి. ఒకదానిలో ఆరువందల మంది, రెండవదానిలో మూడువందల మంది సభ్యులు. మిగిలిన నూరుమంది ఏ సంఘంలోనూ చేరలేదు. పెద్ద సంఘం యాజమాన్యంతో కూర్చుని నాలుగేళ్ళకు వేతన ఒప్పందం చేసుకున్నది. జీతం కొంత పెరిగింది. దానికి బదులుగా పనిభారమూ కొంత పెరిగింది. చిన్న సంఘం ఈ ఒప్పందాన్ని అంగీకరించలేదు. ఏ సంఘంలోనూ లేనివారిని ఎవరూ అడగనే లేదు. అయినా మరుసటి నెల మొదటి తారీఖు నుండి వెయ్యిమందీ ఆ ఒప్పందం ప్రకారమే పనిచేయవలసి రావచ్చు. తాను సంతకం చేయని కాగితానికి మనిషి ఎందుకు కట్టుబడాలి?

కార్మిక సంఘాలకూ యాజమాన్యాలకూ మధ్య కోర్టులకెక్కిన వివాదాలలో చాలా భాగం పైకి జీతం, బోనస్, పనిగంటల గురించిన తగాదాలుగానే కనిపిస్తాయి. లోతుగా చూస్తే వాటిలో అనేకం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. కార్మికుల తరఫున మాట్లాడే అధికారం ఎవరిది? ఆ అధికారం ఎలా వస్తుంది? ఆ మాట ఎవరిని ఎంతవరకు బంధిస్తుంది? ఈ ప్రశ్నలకు భారతదేశపు చట్టాలు, న్యాయస్థానాలు వందేళ్ళుగా చెబుతూ వచ్చిన సమాధానాలను తెలుసుకోవడం ప్రతి శ్రామికునికీ, ప్రతి యజమానికీ అవసరం.

వకాల్తాకూ ప్రాతినిధ్యానికీ తేడా

వకాల్తా అనే మాట తెలుగువారికి కోర్టుల ద్వారా బాగా పరిచయమైనదే. అరబీ భాషలోని వకాలత్ నుండి వచ్చిన ఈ మాటకు ఇస్లామీ ధర్మశాస్త్రంలో స్పష్టమైన అర్థం ఉన్నది. ఒక వ్యక్తి తాను చేసుకోగలిగిన పనిని తన తరఫున చేయమని మరొకరికి అప్పగించడమే వకాలత్. అప్పగించిన మేరకే వకీలు చేసిన పని చెల్లుతుంది. అధికారం లేకుండా ఇతరుల తరఫున బేరం కుదిర్చినవానిని ధర్మశాస్త్రవేత్తలు ఫుజూలీ అన్నారు. అతడు కుదిర్చిన బేరం అసలు వ్యక్తి ఆమోదించేవరకు నిలుపుదలలో ఉంటుందని హనఫీ ఫిఖహ్ చెబుతున్నది. మన దేశపు ఒప్పందాల చట్టంలోనూ సూత్రం ఇంచుమించు ఇలాంటిదే.

కార్మిక సంఘపు ప్రాతినిధ్యం ఈ చట్రంలో ఇమడదు. వెయ్యిమంది విడివిడిగా బేరమాడితే ప్రతి ఒక్కరూ బలహీనులే. ఒకరు కాదంటే మరొకరిని పెట్టుకోగల స్తోమత యజమానికి ఉంటుంది. అందరి తరఫున ఒకే గొంతు మాట్లాడినప్పుడే ఆ గొంతుకు విలువ. అయితే ఆ గొంతుకు బలం రావాలంటే దానితో ఏకీభవించని వారు కూడా కొంతవరకు కట్టుబడక తప్పదు. ఒక్కొక్కరి సమ్మతిని ప్రమాణంగా తీసుకుంటే సమష్టి బలం లేదు. సమష్టి బలమే ప్రమాణమైతే ఒక్కొక్కరి సమ్మతికి లోటు వస్తుంది. చట్టం ఈ రెంటి మధ్య దారి వెతుక్కుంటూ వచ్చింది.

మద్రాసు మిల్లుల నుండి 1926 చట్టం దాకా

సంఘం పెట్టుకోవడమే నేరమయ్యే ప్రమాదమున్న కాలం నుండి ఈ కథ ప్రారంభమవుతుంది. 1918 ఏప్రిల్ 27న మద్రాసులో మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. దాని అధ్యక్షుడు బి.పి. వాడియా. పెరంబూరు ప్రాంతంలోని బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల కార్మికులు దానికి వెన్నెముక. 1920లో వివాదం ముదిరి మిల్లు మూతపడినప్పుడు యాజమాన్యం మద్రాసు హైకోర్టులో దావా వేసింది. కార్మికులు కంపెనీతో చేసుకున్న పని ఒప్పందాన్ని భంగపరచేటట్లు వాడియా, ఆయన సహచరులు వారిని ప్రేరేపించారన్నది ఆరోపణ. నాటి ఆంగ్ల న్యాయసూత్రాల ప్రకారం ఇది నష్టపరిహారానికి తగిన తప్పు. హైకోర్టు నాయకులకు వ్యతిరేకంగా నిషేధపు ఉత్తర్వు జారీ చేసింది. చివరకు వాడియా సంఘంతో సంబంధం వదులుకోవడం రాజీలో భాగమైంది.

కార్మికుల తరఫున మాట్లాడినందుకే నాయకుడు దావాలో ఇరుక్కోవలసి వస్తే ఇక మాట్లాడేవారెవరు? ఈ సంఘటన దేశమంతటా చర్చకు వచ్చింది. 1921లో ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో కార్మిక సంఘాల రక్షణకు చట్టం కావాలని తీర్మానం తెచ్చారు. ఫలితంగా వచ్చినదే 1926 నాటి కార్మిక సంఘాల చట్టం. అందులోని 17, 18 సెక్షన్లు ముఖ్యమైనవి. రిజిస్టరయిన సంఘం తన న్యాయమైన లక్ష్యాల కోసం చేసే పనులకు నేరపూరిత కుట్ర ఆరోపణ నుండి 17వ సెక్షన్ రక్షణ ఇచ్చింది. పని ఒప్పందం భంగపరచమని ప్రేరేపించారన్న కారణంతో సివిలు దావా నిలవకుండా 18వ సెక్షన్ అడ్డుపడింది.

అదే మద్రాసు మిల్లులు మరొక చేదు పాఠం కూడా నేర్పాయి. 1921 నాటి సమ్మెలో కులహిందువులూ ముస్లిములూ ఒకవైపు నిలువగా, ఆది ద్రావిడ కార్మికులలో చాలామంది పనిలోకి వెళ్ళారు. పులియంతోపు వాడలలో ఇళ్ళు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. అందరి తరఫున మాట్లాడుతున్నామనుకున్న సంఘం నిజానికి అందరినీ కలుపుకోలేదని ఆ రోజుల్లోనే తేలిపోయింది.

1926 చట్టంలో ఒక పెద్ద లోపం ఉన్నది. సంఘం రిజిస్టరు కావచ్చు, దాని నాయకులకు రక్షణ ఉండవచ్చు. కాని ఆ సంఘంతో కూర్చుని మాట్లాడవలసిన బాధ్యత యజమానిపై ఆ చట్టం ఏమాత్రం పెట్టలేదు. తలుపు తట్టే హక్కు ఇచ్చింది. తలుపు తీయాలని ఎవరికీ చెప్పలేదు.

1947: అమలుకు రాని చట్టం, అమలైన చట్టం

1947లో రెండు శాసనాలు వచ్చాయి. కార్మిక సంఘాల చట్టానికి సవరణ చేసి, అర్హత ఉన్న సంఘాన్ని యాజమాన్యం తప్పనిసరిగా గుర్తించాలని ఒక శాసనం చెప్పింది. అది ఆమోదం పొందింది, కాని ఎన్నడూ అమలులోకి రాలేదు. రెండవది పారిశ్రామిక వివాదాల చట్టం. 1947 ఏప్రిల్ 1 నుండి అమలైన ఈ చట్టమే ఆ తరువాత ఏడు దశాబ్దాలకు పైగా కార్మిక సంబంధాలను నడిపించింది.

ఈ చట్టం ఏర్పరచిన మార్గం ఇది. వివాదం వస్తే రాజీ అధికారి ఇరుపక్షాలను పిలిచి సర్దుబాటు చేయాలి. రాజీ కుదరకపోతే ఆయన ప్రభుత్వానికి నివేదిక పంపుతాడు. ప్రభుత్వం తగునని భావిస్తే వివాదాన్ని లేబర్ కోర్టుకో, పారిశ్రామిక ట్రిబ్యునల్‌కో నివేదిస్తుంది. సంఘం నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్ళే అవకాశం సామాన్యంగా లేదు. అంటే బేరసారాలు విఫలమైన చోట తాళంచెవి ప్రభుత్వం చేతిలోనే ఉండేది. రాజకీయంగా ప్రభుత్వానికి దగ్గరగా ఉన్న సంఘం వివాదం త్వరగా ట్రిబ్యునల్‌కు వెళుతుందనీ, మిగిలినవారి వివాదాలు ఫైళ్ళలో మగ్గుతాయనీ తరచు విమర్శలు వచ్చాయి.

ఈ పద్ధతిని లోపలి నుండే ప్రశ్నించినవారిలో ముఖ్యుడు వి.వి. గిరి. రైల్వే కార్మికోద్యమంలో ఎదిగి, 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై, కేంద్ర కార్మిక మంత్రి అయిన గిరి నిర్బంధ న్యాయనిర్ణయానికి బదులు ఇరుపక్షాలూ స్వయంగా చర్చించుకుని ఒప్పందానికి రావాలని వాదించారు. మూడవవాడు తీర్పు చెబుతాడన్న ధీమా ఉంటే ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకోరన్నది ఆ వాదపు సారం. ఆయన అభిప్రాయం నెగ్గలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయమై అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన నిర్ణయాన్ని ప్రభుత్వం మార్చినప్పుడు ఆయన మంత్రిపదవికి రాజీనామా చేశారు.

చట్టంలో లేని గుర్తింపును నైతిక నియమం ద్వారా తేవాలని 1958లో ఒక ప్రయత్నం జరిగింది. ఆ సంవత్సరం నైనితాల్‌లో జరిగిన భారత కార్మిక సమావేశం క్రమశిక్షణా నియమావళిని ఆమోదించింది. సంస్థలోని కార్మికులలో కనీసం 15 శాతం సభ్యత్వం ఉన్న సంఘం గుర్తింపు కోరవచ్చు; పలు సంఘాలుంటే అన్నిటికంటే పెద్దది గుర్తింపు పొందుతుంది; ఆ గుర్తింపు రెండేళ్ళు కదలకూడదు. నియమాలు చక్కగానే ఉన్నాయి. కాని వాటిని ఉల్లంఘించిన యజమానిని కోర్టుకు లాగే వీలు లేదు. 1969లో గజేంద్రగడ్కర్ అధ్యక్షతన జాతీయ కార్మిక కమిషన్ చట్టబద్ధమైన గుర్తింపును సిఫారసు చేసింది. సంస్థలో 30 శాతం సభ్యత్వం ఉండాలన్నది అది సూచించిన కొలబద్ద. కేంద్ర చట్టంగా అది చాలాకాలం రూపు దాల్చలేదు.

రాజ్యాంగం ఏమి హామీ ఇచ్చింది?

సంఘాలు ఏర్పరచుకునే స్వేచ్ఛ రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చిన ప్రాథమిక హక్కు. ఆ హక్కులోనే బేరమాడే హక్కు కూడా ఇమిడి ఉన్నదా? ఈ ప్రశ్న 1961లో బ్యాంకు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. బ్యాంకింగ్ కంపెనీల చట్టంలో కొత్తగా చేర్చిన 34ఏ సెక్షన్ ప్రకారం, బ్యాంకులు తమ రహస్య నిల్వలను, రానిబాకీల కోసం తీసి ఉంచిన మొత్తాలను ట్రిబ్యునల్ ముందైనా వెల్లడించనక్కరలేదు. యజమాని వద్ద ఎంత ఉన్నదో తెలియకుండా ఎంత అడగాలో ఎలా తెలుస్తుందని అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం ప్రశ్నించింది. సంఘం పెట్టుకునే హక్కు సార్థకం కావాలంటే సంఘం తన లక్ష్యాన్ని సాధించే హక్కు కూడా ఉండాలన్నది దాని వాదం.

సుప్రీంకోర్టు ఈ వాదాన్ని అంగీకరించలేదు. సంఘం ఏర్పరచుకోవడం ప్రాథమిక హక్కు. ఆ సంఘం విజయవంతంగా బేరమాడటం గాని, సమ్మె చేయడం గాని ప్రాథమిక హక్కులు కావు. వాటిని శాసనం ఇవ్వవచ్చు, పరిమితం చేయవచ్చు. ఆ తరువాత వచ్చిన తీర్పులన్నిటికీ ఇది పునాది. 2003లో తమిళనాడు ప్రభుత్వోద్యోగుల సమ్మె కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్ళి, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు గాని, శాసనపరమైన హక్కు గాని, నైతిక హక్కు గాని లేదని చెప్పింది. సంఘ స్వాతంత్ర్యం, సమష్టి బేరసారాలకు సంబంధించిన 87, 98 సంఖ్యల అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడికలను భారతదేశం ఆమోదించకపోవడం కూడా ఇక్కడ గమనించదగినది. కాబట్టి మన దేశంలో బేరమాడే అధికారం రాజ్యాంగం నుండి కాక మామూలు చట్టాల నుండే వస్తున్నది.

రెండు రకాల ఒప్పందాలు

మొదట చెప్పిన కార్ఖానా ప్రశ్నకు సమాధానం పారిశ్రామిక వివాదాల చట్టంలోని 18వ సెక్షన్‌లో ఉండేది. ఈ సెక్షన్ ఒప్పందాలను రెండు రకాలుగా విభజించింది.

యాజమాన్యమూ సంఘమూ రాజీ అధికారి ప్రమేయం లేకుండా తమలో తాము చేసుకున్న ఒప్పందం మొదటి రకం. ఇది ఒప్పందంలో పాల్గొన్న పక్షాలను మాత్రమే బంధిస్తుంది. ఆ సంఘంలో సభ్యుడు కాని కార్మికుడు దానికి కట్టుబడనక్కరలేదు. రాజీ అధికారి ఎదుట, రాజీ ప్రయత్నంలో భాగంగా కుదిరినది రెండవ రకం. ఇది ఆ సంస్థలో ఆనాడు పనిచేస్తున్న కార్మికులందరినీ, తరువాత చేరబోయే వారిని కూడా బంధిస్తుంది. సంతకం చేసినది ఒక్క సంఘమే అయినా సరే.

ఒకే కాగితం, అవే షరతులు. అయినా రాజీ అధికారి సంతకం పడగానే దాని బలం మారిపోతున్నది. కారణం లేకపోలేదు. ఒప్పందం న్యాయంగా, సమంజసంగా ఉన్నదా అని చూడవలసిన బాధ్యత చట్టం రాజీ అధికారిపై పెట్టింది. ఆయన పర్యవేక్షణే మిగిలినవారి సమ్మతికి బదులుగా నిలుస్తుంది. 1999లో రాజస్థాన్‌కు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు దీనిని ఖండితంగా చెప్పింది. రాజీ అధికారి ఎదుట కుదిరిన ఒప్పందం అమలులో ఉండగా, దానిలో సంతకం చేయని చిన్న సంఘం లేవనెత్తిన కోరికలను ప్రభుత్వం ట్రిబ్యునల్‌కు నివేదించడం చెల్లదన్నది. ఒప్పందం గడువు ముగిసిన తరువాత కూడా, రద్దు నోటీసు ఇచ్చి రెండు నెలలు గడిచేవరకు అది కొనసాగుతుందని 19వ సెక్షన్ చెప్పేది.

ఒక్క కార్మికుడు తన సంఘంతోనే విభేదిస్తే

సంఘం తనకు అన్యాయం చేసిందని కార్మికుడే భావించిన సందర్భాలు ఈ చరిత్రలో అత్యంత బాధాకరమైనవి. సుప్రీంకోర్టు తీర్మానించిన పాట్నా కేసు అలాంటిదే. ఉద్యోగం పోయిన ఒక కార్మికుని వివాదాన్ని సంఘం చేపట్టింది. ట్రిబ్యునల్ ముందు విచారణ సాగుతుండగా సంఘం ఇతని కేసులో యాజమాన్యంతో రాజీకి వచ్చింది. అతనికి ఆ రాజీ ఇష్టం లేదు. తన వాదన తానే వినిపించుకుంటానన్నాడు. సంఘం అతని తరఫున నిలబడి ఉండగా అతడు విడిగా ప్రాతినిధ్యం కోరలేడని న్యాయస్థానం చెప్పింది. వివాదం సమష్టిది గనుక, దానిని నడిపే అధికారమూ సమష్టిదే అన్నది కారణం.

ఉద్యోగం పోవడం వంటి విషయంలో ఇది కఠినంగా తోచింది. 1965లో పార్లమెంటు చట్టానికి 2ఏ సెక్షన్ చేర్చింది. తొలగింపునకు గురైన ఒక్క కార్మికుని ఫిర్యాదును, ఏ సంఘమూ మద్దతు ఇవ్వకపోయినా, పారిశ్రామిక వివాదంగా పరిగణించాలన్నది. జీతభత్యాల వంటి ఉమ్మడి విషయాలలో మాత్రం సమష్టి సూత్రమే మిగిలింది.

ఆ ఉమ్మడి విషయాలలో కోర్టులు ఒప్పందాన్ని ఎలా పరిశీలించాలి? 1976లో హెర్బర్ట్‌సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఒక సూత్రం ఏర్పరచింది. అధిక సంఖ్యాకుల సంఘం సద్భావంతో చేసుకున్న ఒప్పందాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఈ భాగం మంచిది, ఆ భాగం చెడ్డది అని తూచరాదు. బేరంలో ఒకటి వదులుకుంటేనే మరొకటి దక్కుతుంది. మొత్తంగా చూసి న్యాయంగా ఉన్నదా లేదా అన్నదే ప్రమాణం. ట్రిబ్యునల్ తానైతే ఇంకొంచెం ఎక్కువ ఇచ్చి ఉండేదన్న కారణం ఒప్పందాన్ని తోసిపుచ్చడానికి చాలదు. 1981లో టాటా ఇంజనీరింగ్ కేసులోనూ, కార్మికులలో అత్యధికులు ఆమోదించిన ఒప్పందం విషయంలో, ఇదే దృష్టి కొనసాగింది.

బొంబాయి అనుభవం

గుర్తింపు సంఘానికి చట్టం సర్వాధికారం ఇస్తే ఏమవుతుందో బొంబాయి చరిత్ర చెబుతుంది. 1946 నాటి బొంబాయి పారిశ్రామిక సంబంధాల చట్టం బట్టల మిల్లుల వంటి పరిశ్రమలలో ఒక ప్రాంతానికంతటికీ ఒకే ప్రాతినిధ్య సంఘాన్ని నిలబెట్టింది. ఆ సంఘం వచ్చి నిలబడితే ఇతరులెవరూ వాదించడానికి వీలు లేదు. గుజరాత్ నుండి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని చివరిదాకా తీసుకువెళ్ళింది. ప్రాతినిధ్య సంఘం సద్భావంతో వ్యవహరించిందా లేదా అన్న ప్రశ్న కూడా అక్కడ అప్రస్తుతమే. నచ్చని కార్మికులు ఆ సంఘపు ప్రాతినిధ్య హోదాను రద్దు చేయించుకోవాలే తప్ప తాము విడిగా మాట్లాడలేరు.

1982 జనవరి 18న బొంబాయి మిల్లు కార్మికులు దాదాపు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగినప్పుడు ఈ చట్టం నిప్పుల మీద నిలబడింది. చట్టం దృష్టిలో వారి గొంతు రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్. వీధిలో వారు వెంట నడిచినది డాక్టర్ దత్తా సామంత్‌ను. ఆ సంఘపు గుర్తింపును తొలగించాలన్నది సమ్మె కోరికలలో ఒకటి. చట్టప్రకారం మాట్లాడే హక్కున్న సంఘం వెనుక కార్మికులు లేరు. కార్మికులు వెనుక ఉన్న నాయకునికి మాట్లాడే హక్కు లేదు. సామంత్‌తో చర్చించవలసిన బాధ్యత తమకు లేదని మిల్లు యజమానులు అన్నారు. చట్టం వారికి అండగా నిలిచింది. ఎవరూ లాంఛనంగా విరమించకుండానే ఆ సమ్మె క్రమంగా కరిగిపోయింది. వేలాది కుటుంబాలు ఉపాధి కోల్పోయి చెదిరిపోయాయి. తెలంగాణ నుండి వలసవెళ్ళిన పద్మశాలీలు, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన మోమిన్ నేతపనివారు కూడా ఆ మిల్లువాడలలో బతికినవారే.

మహారాష్ట్ర 1971లో తెచ్చిన మరొక చట్టం 30 శాతం సభ్యత్వం ఉన్న సంఘానికి గుర్తింపు ఇచ్చింది. దాని చెల్లుబాటును బామర్ లారీ కంపెనీలోని గుర్తింపు లేని సంఘం సవాలు చేసింది. అక్కడి వివాదంలోని ఒక షరతు గమనించదగినది. కొత్త ఒప్పందం వలన ప్రతి కార్మికునికి వచ్చే బకాయిలలో 15 శాతం కోసి గుర్తింపు సంఘపు నిధికి జమ చేయాలి. సభ్యుడు కానివాని డబ్బు కూడా ఇందులో పోతుంది. 1984 డిసెంబరులో సుప్రీంకోర్టు చట్టాన్నీ, ఆ షరతునూ రెండింటినీ సమర్థించింది. గుర్తింపు సంఘం శ్రమ వలన అందరికీ లాభం కలిగినప్పుడు దాని ఖర్చులో అందరూ పాలు పంచుకోవడంలో తప్పులేదని, ఒకే గొంతు ఉండడం పరిశ్రమలో శాంతికి అవసరమని న్యాయస్థానం భావించింది.

లెక్కించడం ఎలా?

ఒకే గొంతు ఉండాలని ఒప్పుకున్నా, అది ఎవరిదో తేల్చే పద్ధతి సరిగా లేకపోతే మిగిలినదంతా వ్యర్థం. దీనికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. సభ్యత్వ రసీదులు, రిజిస్టర్లు తనిఖీ చేయడం ఒకటి. చందాను జీతం నుండి కోయమని కార్మికుడు రాసి ఇచ్చే చెక్ ఆఫ్ రెండవది. రహస్య బ్యాలెట్ మూడవది. ఒకే మనిషి రెండు సంఘాల రసీదు పుస్తకాలలో కనిపించడం మొదటి పద్ధతిలోని లోపం. తాను ఏ సంఘమో యాజమాన్యానికి తెలిసిపోవడం రెండవ దానిలోని ఇబ్బంది. 1995లో భారత ఆహార సంస్థ ఉద్యోగ సంఘాల కేసులో, ఇరుపక్షాలూ రహస్య బ్యాలెట్‌కు అంగీకరించిన మీదట, ఓటర్ల జాబితా తయారీ నుండి లెక్కింపు దాకా ఎలా జరగాలో సుప్రీంకోర్టు వివరంగా నిర్దేశించింది.

తెలుగునాట ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ సింగరేణి బొగ్గు గనులు. అనేక సంఘాలు, తరచు సమ్మెలు ఉన్న ఆ గనులలో 1998 నుండి రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. 2023 డిసెంబరు 27 నాటి ఎన్నికలలో 11 ఏరియాలకు గాను ఐ.ఎన్.టి.యు.సి. 6 ఏరియాలలో, ఎ.ఐ.టి.యు.సి. 5 ఏరియాలలో గెలిచాయి. మొత్తం ఓట్లలో ఆధిక్యం ఎ.ఐ.టి.యు.సి.ది కావడంతో సంస్థ స్థాయిలో గుర్తింపు దానికి దక్కింది. ఏరియా స్థాయిలో గెలిచిన సంఘానికి ఆ ఏరియాలో ప్రాతినిధ్య హోదా ఉంటుంది. ఓడినవారి గొంతు పూర్తిగా మూగబోకుండా చూసే ఏర్పాటు ఇది.

కొత్త నియమావళి

యాజమాన్యం మాట్లాడనే మాట్లాడకపోతే? 1982లో చేసి 1984 ఆగస్టు 21 నుండి అమలు చేసిన సవరణ దీనికి కొంత సమాధానం చెప్పింది. గుర్తింపు పొందిన సంఘంతో సద్భావంతో బేరసారాలకు నిరాకరించడం అక్రమ కార్మిక విధానమని ప్రకటించింది. గుర్తింపు సంఘం యాజమాన్యంతో మాట్లాడ నిరాకరించినా అంతే. ఆరు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా శిక్ష. అయితే గుర్తింపు ఎలా వస్తుందో ఆ కేంద్ర చట్టం చెప్పనే లేదు. పునాది లేని గోడ వంటిది ఆ సవరణ.

ఆ లోటు 2020 నాటి పారిశ్రామిక సంబంధాల నియమావళితో పూడింది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన ఈ నియమావళి 1926, 1947 చట్టాల స్థానాన్ని ఆక్రమించింది. సంస్థలో ఒకే సంఘం ఉంటే నియమాలకు లోబడి అదే చర్చల సంఘం. పలు సంఘాలుంటే, హాజరు పట్టీలోని కార్మికులలో 51 శాతం మద్దతు ఉన్నది ఏకైక చర్చల సంఘం అవుతుంది. ఏ సంఘానికీ అంత బలం లేకపోతే, కనీసం 20 శాతం మద్దతు ఉన్న సంఘాల ప్రతినిధులతో చర్చల మండలి ఏర్పడుతుంది. రాజీ విఫలమైతే ప్రభుత్వ నివేదన కోసం ఎదురుచూడకుండా ఇరుపక్షాలలో ఎవరైనా నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు. మరొకవైపు సమ్మెకు ముందు 14 రోజుల నోటీసు అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి అయింది. ఇదివరకు ఇలాంటి నిబంధన ప్రజోపయోగ సేవలకే ఉండేది.

ఈ లెక్కలో ఒక చిక్కు మిగిలి ఉన్నది. హాజరు పట్టీలో పేరున్నవారినే లెక్కిస్తారు. కాంట్రాక్టరు కింద పనిచేసేవారు అసలు యజమాని పట్టీలో ఉండరు. వారు అదే యంత్రం దగ్గర, అదే షిఫ్టులో పనిచేస్తున్నా అసలు యజమానితో జరిగే బేరసారాలలో వారికి చోటు దొరకడం కష్టం. ఇంటి దగ్గర బీడీలు చుట్టే ఆడవారిని ఉద్యోగులుగా పరిగణించిన 1966 నాటి బీడీ కార్మికుల చట్టం పెద్ద పోరాటం తరువాతనే, 1974 సుప్రీంకోర్టు తీర్పుతో నిలబడింది. నిజామాబాదు, కరీంనగరు జిల్లాలలోని బీడీ కార్మికులకు ఆ తీర్పు విలువ తెలుసు. ఎవరు కార్మికుడన్నది తేలిన తరువాతనే ఎవరు ప్రతినిధి అన్న ప్రశ్న వస్తుంది.

ఇన్ని తీర్పుల తరువాత కార్మికుడు గుర్తుంచుకోవలసిన విషయాలు కొద్దిగానే ఉన్నాయి. ఒప్పందం రాజీ అధికారి ఎదుట కుదిరిందా, విడిగా కుదిరిందా అన్నది మొదట విచారించుకోవాలి. ఎవరెవరు కట్టుబడాలో దానినిబట్టే తేలుతుంది. ఒప్పందం గడువు ఎంతో తెలుసుకోవాలి. అది నడుస్తుండగా కొత్త కోరికలకు చట్టంలో చోటు తక్కువ. ఒప్పందంలో తనకు నష్టంగా తోచిన ఒక్క షరతును పట్టుకుని కోర్టుకు వెళితే ఫలితం అరుదు. దానికి బదులుగా ఏమి దక్కిందో కూడా కోర్టు చూస్తుంది. అభ్యంతరమేదైనా ఉంటే ఒప్పందం కుదరకముందే, రాజీ నడుస్తున్నప్పుడే రాతపూర్వకంగా తెలపాలి.

తన సంతకం లేని కాగితానికి కార్మికుడు కట్టుబడాలని చట్టం అంటున్నదంటే, ప్రతినిధిని ఎన్నుకోవడంలోనే అతడు తన సంతకం పెట్టేశాడని భావించడం వలననే. ఆ ఎన్నిక నిజంగా స్వేచ్ఛగా, రహస్యంగా, కొద్దికాలానికొకసారి జరిగినచోట ఈ భావనకు బలం ఉన్నది. ఆ ఎన్నికే లేనిచోట, లేదా కార్మికుని పేరే పట్టీలో లేనిచోట ఆ ఒప్పందం అతనిపై పడిన భారమే గాని అతని మాట కాదు. బొంబాయి మిల్లులలో 1982లో తెగిపోయినది సరిగ్గా ఈ ముడే.